వెలి లోపలి గొంతు: మిరియం టేవ్స్ కథకురాలు నోమి నికెల్

మిరియం టేవ్స్ రాసిన 'ఎ కాంప్లికేటెడ్ కైండ్‌నెస్' (2004) నవల ఒక ఇంటి లెక్కతో మొదలవుతుంది. నలుగురు ఉండవలసిన ఇంట్లో ఇద్దరే మిగిలారు. అక్క టాష్, ఆ తరవాత కొద్ది వారాలకే తల్లి ట్రూడీ, మూడేళ్ళ క్రితం ఊరు విడిచి వెళ్ళిపోయారు. మిగిలింది బడిపంతులు రే నికెల్, ఆయన చిన్న కూతురు, పదహారేళ్ళ నోమి. ఇంట్లోని సామాను కూడా ఒకటొకటిగా మాయమవుతూ ఉంటుంది. ఇందులో రహస్యమేమీ లేదు, తండ్రే అమ్మేస్తున్నాడు. ఎందుకని కూతురు ఆయనను నిలదీయదు. ఖాళీ అవుతున్న గదుల గురించి పాఠకుడికి మాత్రం నవ్వు పుట్టేలా చెబుతుంది. నవల పొడుగునా ఇదే వరస. ఏడవవలసిన చోట నోమి ఒక చమత్కారం విసిరి మరో సంగతిలోకి జారుకుంటుంది.

ఆ ఏడాది కెనడా గవర్నర్ జనరల్ పురస్కారం అందుకున్న ఈ నవల 2006లో 'కెనడా రీడ్స్' పోటీలోనూ గెలిచింది. (రచయిత్రి ఇంటిపేరును ఇంగ్లీషు అక్షరాలను బట్టి 'టోయూస్' అని చదివేవారు ఎక్కువ. పలకవలసింది మాత్రం టేవ్స్ అనే.) నోమి ప్రస్తావన రాగానే చాలామంది పాఠకులకు సాలింజర్ సృష్టించిన హోల్డెన్ కాల్‌ఫీల్డ్ గుర్తుకొస్తాడు. ఇద్దరిదీ ఉత్తమ పురుష కథనమే. ఇద్దరిదీ ఎగతాళి గొంతే. ఇద్దరికీ చదువు మీద ధ్యాస లేదు. కాని హోల్డెన్ బడి నుంచి బయటపడి న్యూయార్క్ వీధుల్లో తిరుగుతాడు. అదే న్యూయార్క్‌లో, గాయకుడు లూ రీడ్ చుట్టుపక్కల బతకాలని కలలు కనే నోమి తన ఊరి పొలిమేర దాటి నిలవదు. హోల్డెన్‌ది తిరుగుడు కథ, నోమిది కదలలేని కథ. ఆమె ఎందుకు కదలలేకపోయింది అన్న ప్రశ్నను పట్టుకోకుండా ఈ నవలను అర్థం చేసుకోవడం కష్టం.

సాధారణంగా ఈ నవలను రెండు రకాలుగా చదువుతారు. మతఛాందసం మీద ఒక అమ్మాయి తిరుగుబాటుగా చదవడం ఒకటి. కుంగుబాటుకు లోనైన కౌమారదశ మనసు తన గురించి తాను చెప్పుకున్న వృత్తాంతంగా చదవడం మరొకటి. రెండూ పూర్తిగా తప్పు కావు, రెండూ సులువైనవి. మొదటి పద్ధతిలో తప్పంతా ఊరిది, రెండవ పద్ధతిలో జబ్బంతా పిల్లది. రెండింటిలోనూ పరాయితనం అంటే ప్రేమ లేకపోవడం అన్న ఊహ దాగి ఉంది. నోమి మాటలను నెమ్మదిగా చదివితే కనిపించేది ఇందుకు దాదాపు విరుద్ధం. తనను బయటికి తోస్తున్న చోటును, అక్కడి మనుషులను వదులుకోలేనంతగా ప్రేమించడం వల్ల వచ్చిన పరాయితనం ఆమెది. ఆ ప్రేమను బాహాటంగా చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో భాష లేదు గనక ఆమె దాన్ని ఎగతాళిలో దాచుకుంది.

దీన్ని నిలబెట్టాలంటే ఊరి సంగతి కొంత చెప్పాలి. మెన్నొనైట్లు 16వ శతాబ్దపు డచ్ మతసంస్కర్త మెన్నో సైమన్స్ పేరు మీద ఏర్పడిన క్రైస్తవ శాఖ. బాప్తిస్మం ఊహ తెలిసిన మనిషి కోరి తీసుకోవలసినదే తప్ప పసిపిల్లలకు ఇవ్వదగినది కాదనీ, ఆయుధం పట్టరాదనీ వారి విశ్వాసం. ఆ విశ్వాసాలు వారిని నెదర్లాండ్స్ నుంచి ప్రష్యాకు, అక్కణ్ణుంచి రష్యా సామ్రాజ్యంలోని నేటి ఉక్రెయిన్ ప్రాంతానికి తరిమాయి. సైనికసేవ నుంచి తమకున్న మినహాయింపు పోతుందన్న భయంతో 1870లలో వేలమంది ఉత్తర అమెరికాకు కదిలారు. వారిలో సుమారు ఏడు వేలమంది మానిటోబా చేరారు. విన్నిపెగ్‌కు ఆగ్నేయంగా, సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టైన్‌బాక్ పట్టణం అలా 1874లో వెలసిందే. టేవ్స్ 1964లో అక్కడే పుట్టారు. నవలలోని ఈస్ట్ విలేజ్ కల్పిత గ్రామమే అయినా దాని మీద స్టైన్‌బాక్ నీడ స్పష్టంగా పడింది. స్టైన్‌బాక్‌లో గాలిమర ఉన్న మెన్నొనైట్ వారసత్వ ప్రదర్శనశాల ఉంది. నవలలోనూ అటువంటిదే ఒకటి ఉంది, నిరాడంబర జీవితం ఎలా ఉంటుందో చూడటానికి అమెరికన్ యాత్రికులు అక్కడికి వస్తారు. అంటే నోమి ఊరు సగం నివాసం, సగం ప్రదర్శన. పెరిగి పెద్దయినవారి కోసం ఊరి చివర కోళ్ళను కోసి ప్యాక్ చేసే కర్మాగారం ఎదురుచూస్తూ ఉంటుంది. తన భవిష్యత్తు అదేనని నోమి అనుకోవడంలో అతిశయోక్తి తక్కువ.

ప్రవాసంలో ఉన్న తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగితే మంచిది. ఈస్ట్ విలేజ్ జనాన్ని ఎక్కడో మారుమూల బతికే విచిత్ర మతస్థులుగా చూడటం తేలిక. నిజానికి వారు వలసదారులు. వెంట తెచ్చుకున్న భాషను, తిండిని, సంబంధాలను నూరేళ్ళ పాటు కాపాడుకున్నవారు. ఇళ్ళలో వాడే ప్లాట్‌డీచ్ అనే దిగువ జర్మన్ మాండలికం పక్క ఊరివారికి అర్థం కాదు. చెదిరిపోతామన్న భయం వారి చేత ఒక కంచె కట్టించింది. కంచె కట్టిన తరానికి అది రక్షణ, లోపల పుట్టిన తరానికి అది కంచె. నవలలో మతం ఎంత ఉందో వలస కూడా అంతే ఉంది, ఆ రెండవదాని మీద విమర్శకుల దృష్టి చాలినంతగా పడలేదు.

ఆ కంచెను నిలబెట్టే పనిముట్టు వెలి. ఈ విషయంలో తెలుగు పాఠకుడికి ఇంగ్లీషు పాఠకుడి కన్నా కొంత వెసులుబాటు ఉంది. వెలి అంటేనే బయట అని అర్థం. వెలివేయడం అంటే బయట పెట్టడం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగానికీ ఆయన వెంట నిలిచినవారికీ ఎదురైనది ఇదే. వెలి ప్రభావం వెలిపడినవాడితో ఆగదు. అతనితో పొత్తు పెట్టుకున్నవారికీ అదే శిక్ష. కాబట్టి దాని బరువంతా లోపల మిగిలినవారి మీద పడుతుంది. తల్లి కొడుకుకు అన్నం పెట్టాలా వద్దా, భర్త భార్యతో మాట్లాడాలా వద్దా అన్నది వారే తేల్చుకోవాలి. వెలి మనుషులను వేరుచేసేది గోడలతో కాదు, వారి వారి విధేయతలతో.

టేవ్స్ నవల నిర్మాణమంతా ఈ కీలు మీద తిరుగుతుంది. ఊరి చర్చికి పెద్ద హాన్స్. ట్రూడీకి స్వయానా సోదరుడు, అంటే నోమికి మేనమామ. నోమి ఆయనను పేరుతో పిలవదు, 'నోరు' అని అర్థం వచ్చే మారుపేరుతోనే పిలుస్తుంది. పెద్ద కూతురు టాష్ నమ్మకం వదిలేసి ప్రియుడితో వెళ్ళిపోయాక ట్రూడీ ఆ సోదరుడికి ఎదురు తిరుగుతుంది. ఆమెను వెలివేస్తే రే ఏం చేయాలి? ఆయన నిజమైన విశ్వాసి. భార్యను విడవలేడు, చర్చిని కాదనలేడు. ఆయనకు ఆ ఎంపిక చేయవలసిన అవసరం రాకుండా ట్రూడీయే వెళ్ళిపోయింది. కనీసం నోమి నమ్మదలచుకున్న కథ అది. నవల చివర్లో నోమిని కూడా వెలివేస్తారు. అప్పుడు ఇల్లు విడిచి వెళ్ళేది నోమి కాదు, రే. కూతురికి కారు వదిలేసి ఆయన వెళ్ళిపోతాడు. కూతురితో మాట్లాడకూడని పరిస్థితిలో ఆమె పక్కన బతకడం కన్నా ఆమెకు దూరం కావడమే ఆయనకు చేతనైన ప్రేమ. ఈ కుటుంబంలో ప్రేమించినవారు వెళ్ళిపోతారు, ప్రేమించడం వల్లనే వెళ్ళిపోతారు. నోమికి అందిన వారసత్వం ఇది.

ఇంత జరిగిన ఇంటి గురించి మాట్లాడే గొంతు ఎలా ఉండాలి? ఆలిస్ మన్రో 'లైవ్స్ ఆఫ్ గర్ల్స్ అండ్ విమెన్' (1971)లో కూడా ఒక చిన్న ఊరి నుంచి తప్పుకుంటున్న అమ్మాయి కథ చెబుతుంది. కాని డెల్ జోర్డాన్ ఎదిగిన స్త్రీగా వెనక్కి తిరిగి చూస్తుంది. ఆమె వాక్యాలు ఆనాటి గందరగోళాన్ని ఈనాటి అవగాహనతో సరిదిద్దుకుంటూ పోతాయి. నోమికి ఆ దూరం లేదు. ఆమె సంఘటనల మధ్యలో నిలబడి మాట్లాడుతుంది. ఆమె కథనంలో కాలం వరుసగా నడవదు. ఈ రోజు పనిలేక ఊళ్ళో తిరగడం చెబుతూ చెబుతూ చిన్ననాటి రాత్రిలోకి పోతుంది, అక్క గదిలో వినిపించిన పాటలోకి పోతుంది, మళ్ళీ వంటగదిలో తండ్రితో జరిగిన అర్థంపర్థం లేని సంభాషణకు వస్తుంది. దీన్ని నిర్లక్ష్యంగా మాట్లాడే పిల్ల పద్ధతి అనుకుంటే పొరపాటు. ఎప్పుడూ తల్లి వెళ్ళిపోయిన రోజులకు చేరువగా వచ్చి ఆమె దారి మళ్ళుతుంది. పుండును నాలుకతో తడుముతూ అంతలోనే తప్పుకోవడం లాంటిది ఆ కదలిక.

ఆమె మొదటి నుంచీ తిరుగుబాటుదారు కూడా కాదు. ఇది చాలా చర్చల్లో జారిపోయే అంశం. చిన్నప్పుడు నోమి ఇంట్లో అందరికన్నా భయభక్తులున్న పిల్ల. అక్క నరకానికి పోతుందేమోనని వణికిపోయింది, ఏడ్చింది, ప్రార్థించింది. నలుగురం పరలోకంలో మళ్ళీ కలుసుకోవాలన్నది ఆ పిల్ల కోరిక. నమ్మకం సన్నగిల్లిన తరవాత కూడా ఆ కోరిక మాత్రం పోలేదు. పరలోకాన్ని నమ్మలేదు, అయినా కుటుంబం తిరిగి కలిసే చోటు మరొకటి ఆమెకు తెలియదు. గంజాయి, తల గొరిగించుకోవడం, బడి ఎగ్గొట్టడం ఇవన్నీ పైకి కనిపించే గుర్తులు. లోపల ఉన్నది చిన్నప్పటి ఆ భక్తురాలే. ఊరిని వెక్కిరించేటప్పుడు కూడా ఆ ఊరి గ్రంథం మాటలు, స్తోత్రాలు, దిగువ జర్మన్ మాటలు ఆమె నోట్లో దొర్లుతూనే ఉంటాయి. బయటివారికి అంత సొంతంగా వెక్కిరించడం చేతకాదు.

రే నికెల్ ఈ నవలలో అందరికన్నా గొప్పగా మలిచిన పాత్ర. ఎప్పుడూ సూటు, టై వేసుకుని, ఇంటి ముందు మడతకుర్చీలో కూర్చుని రహదారి వైపు చూస్తాడు. కొన్ని రాత్రులు ఊరి చెత్తకుప్పల దగ్గరకు పోయి అక్కడి చెత్తను సర్ది వస్తాడు. పారేసిన వస్తువులను కూడా పద్ధతిగా పెట్టాలని చూసే మనిషి తన ఇంటిని తానే ఖాళీ చేస్తున్నాడు. ఇందులో వ్యాఖ్యానించవలసినది చాలా ఉంది, నోమి వ్యాఖ్యానించదు. టేవ్స్ తండ్రి మెల్విన్ కూడా స్టైన్‌బాక్‌లో బడిపంతులుగా పనిచేశారు. దీర్ఘకాలం మానసిక వ్యాధితో బాధపడి 1998లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన గొంతుతో ఆమె రాసిన 'స్వింగ్ లో' 2000లో వచ్చింది. రచయిత జీవితంతో పాత్రలను కొలవడం మంచి అలవాటు కాదు. అయినా తండ్రి గొంతులో ఒక పుస్తకం రాసిన నాలుగేళ్ళకు, అటువంటి తండ్రిని పక్కనుంచి చూసే కూతురి గొంతులో మరొకటి రాయడం యాదృచ్ఛికమని అనుకోలేం. తండ్రిని చూసే నోమి చూపులో ఆగ్రహం వెదికినా దొరకదు. ఆయన పగిలిపోకుండా పట్టుకోవడమే ఆమె పని. ఇక కదలలేకపోవడానికి వేరే కారణం వెదకనక్కరలేదు.

తల్లి సంగతి వేరు. నోమికి తల్లి గురించి తెలిసినదానికన్నా తెలియనిదే ఎక్కువ. ఊరు తల్లి గురించి గుసగుసలాడుతుంది. ఇక్కడ బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గుర్తుకు రాక మానదు. దయానిధి కూడా తల్లి మీద లోకం వేసిన నింద నీడలోనే పెరుగుతాడు, ఎవరితో ఏ సంబంధం కలుపుకోబోయినా ఆ నీడ అడ్డు వస్తుంది. తేడా చెప్పుకోవలసినంత ఉంది. దయానిధి తన ఒంటరితనాన్ని తాత్త్వికమైన ప్రశ్నగా మార్చుకోగలడు, చదువు, వయసు అతనికి ఆ వీలు కల్పించాయి. నవీన్ 'అంపశయ్య'లో రవికి కూడా, ఒక్క రోజు వ్యవధిలోనే అయినా, తన అంతరంగాన్ని పరిశీలించుకునే మేధావి లక్షణం ఉంది. తెలుగు నవలలో పరాయితనం ఎక్కువగా చదువుకున్న యువకుడి సొత్తుగా నడిచింది. పదహారేళ్ళ పిల్ల, తన బాధకు సిద్ధాంతం లేని పిల్ల, తన మాటల్లో తాను కథ చెప్పుకోవడం మనకు అరుదు. నోమి దగ్గర సిద్ధాంతం లేదు. తల్లి పాస్‌పోర్ట్ సొరుగులోనే ఉండిపోయిందన్న గమనిక ఉంది. దేశాలు తిరగడానికి పోయిన మనిషి పాస్‌పోర్ట్ వదిలి పోతుందా? ఈ ప్రశ్నను ఆమె పూర్తిగా అడగదు. పాఠకుడు అడగకుండా ఉండలేడు.

ఆమె ఈ మాటలన్నీ ఎవరితో చెబుతోంది? నవల చదవనివారికి ఇది ముందే తెలియడం నష్టమే గాని, ఈ గొంతును అర్థం చేసుకోవాలంటే తప్పదు. మొదటి పేజీల్లోనే నోమి తన ఇంగ్లీషు మాస్టారు క్వైరింగ్ ప్రస్తావన తెస్తుంది. కథకు మొదలు, మలుపు, ముగింపు ఎలా ఉండాలో నేర్పే మనిషి. ఆమెకు అప్పగించిన రచనాభ్యాసాలు ఆయనకు నచ్చవు. చివరికి తెలిసేదేమంటే, ఈ నవల అంతా ఆయనకే సమర్పించిన అభ్యాసం. ఆయనకూ ట్రూడీకీ మధ్య సంబంధం ఉండేదనీ, దాన్ని ఆమె తెంచుకున్నప్పుడు ఆమె మీద నిందలు మోపడంలో ఆయన చేయి ఉందనీ నోమికి తెలుసు. కథ చెప్పడం నేర్పినవాడే తన ఇంటి కథను చెడగొట్టినవారిలో ఒకడు. అతనికే ఆమె కథ చెబుతోంది.

ఇది తెలిశాక వెనక్కి తిరిగి చదివితే గొంతు మారిపోతుంది. చమత్కారం కేవలం కౌమారపు పొగరు కాదని, ఎదురుగా ఉన్న ఒక నిర్దిష్టమైన మనిషి ముందు తడబడకుండా నిలబడే పద్ధతి అని అర్థమవుతుంది. దారి మళ్ళడాలు కూడా మతిమరుపు కావు, చెప్పవలసిన మాటను ఎప్పుడు చెప్పాలో తూచుకోవడం. హోల్డెన్ మాట్లాడేది పేరులేని శ్రోతతో, ఆ శ్రోతను నొప్పించవలసిన అవసరం అతనికి లేదు. నోమి శ్రోత నేరస్థుడు. అతని మీద ఆమె తీర్పు చెబుతుందని పాఠకుడు ఎదురుచూస్తాడు. ఆమె చెప్పదు. తెలుసునని మాత్రం తెలియజేస్తుంది. తన తల్లిని అందరి ముందూ నిలబెట్టి తీర్పు చెప్పిన ఊరి పద్ధతిని ఆమె ఆ మనిషి మీద ప్రయోగించదు. వెలివేయడం తెలిసిన ఊళ్ళో వెలివేయడానికి నిరాకరించిన ఒకే ఒక్క మనిషి ఆమె. మతం మీద తిరుగుబాటుగా చదివే పద్ధతికి ఈ చోటు అందదు, జబ్బుగా చదివే పద్ధతికి అసలే అందదు.

నవలలో లోపాలు లేకపోలేదు. మేనమామ హాన్స్ చాలాసేపు వ్యంగ్యచిత్రంగానే మిగిలిపోతాడు. యవ్వనంలో నగరానికి పోయి దెబ్బతిని తిరిగొచ్చిన మనిషిగా అతన్ని చూపించిన కొద్ది పేజీలు ఇంకొంచెం ఉంటే బాగుండేది. ఊరినుంచి ఒకసారి పారిపోయినవాడే కంచెకు కాపలాదారు కావడం నవలకు పనికొచ్చే సత్యం. ప్రియుడు ట్రావిస్ పాత్ర పలచన, అతను నోమిని వదిలేసినప్పుడు పాఠకుడికి పెద్దగా లోటు అనిపించదు. మధ్యభాగంలో ఊరి తిరుగుళ్ళు కొంత సాగదీసినట్టే ఉంటాయి. క్వైరింగ్ సంగతి కూడా చివర్లో హడావిడిగా వచ్చిందన్న ఆక్షేపణ ఉండవచ్చు. అయితే అంతవరకు దాన్ని వాయిదా వేసింది రచయిత్రి కాదు, నోమి అని గ్రహిస్తే ఆ ఆక్షేపణ బలం తగ్గుతుంది.

మిసిసాగాలోనో సర్రేలోనో ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఉన్న తెలుగు తల్లితండ్రులు ఈ నవల తెరిస్తే మొదట తమను తాము హాన్స్‌తో పోల్చి చూసుకుని, తాము అంత కఠినులం కాదని ఊరట పొందవచ్చు. వారికి నిజంగా దగ్గరి పాత్ర రే. ఆయన అరవడు, ఆంక్షలు పెట్టడు, కూతురు ఎంత రాత్రయి వచ్చినా ఏమీ అనడు. ఆమె కోసం తాను చేస్తున్నదేమిటో మాత్రం ఒక్కసారీ చెప్పడు. ఇద్దరూ వాతావరణం గురించి, టీవీ గురించి, భోజనం గురించి మాట్లాడుకుంటారు. వెళ్ళిపోయిన ఇద్దరి గురించి మాట్లాడుకోరు. పరాయితనం కూతురి గదిలో పుట్టినట్టు కనిపిస్తుంది గాని, నవలలో అది పెరిగేది ఆ వంటగది బల్ల దగ్గర, మర్యాదగా, ఎవరినీ నొప్పించకుండా.

చివరి పేజీల్లో ఇల్లు ఖాళీ. సామాను లేదు, తండ్రి లేడు, కారు ఉంది. ఇక ఆమెను ఆపేవారు ఎవరూ లేరు. తల్లి ఏమై ఉంటుందన్నదానికి నోమి ఒకటికన్నా ఎక్కువ కథలు ఊహిస్తుంది. వాటిలో నిజం ఏదో తేల్చదు, తనకు బతకడానికి వీలైనదాన్ని ఎంచుకుంటుంది. ఊరు దాటిందా లేదా అన్నది పాఠకులు నేటికీ వాదించుకునే విషయం. వెళ్ళిపోతుందని సూచించే వాక్యాలు ఉన్నాయి, వెనక్కి లాగే వాక్యాలూ వాటి పక్కనే ఉన్నాయి. మాస్టారు నేర్పిన పద్ధతి ప్రకారం కథకు ముగింపు ఉండాలి. నోమి అభ్యాసాన్ని పూర్తిచేసి ఇచ్చింది గాని ఆ ముగింపును మాత్రం రాయలేదు.